కోకోపీట్‌లో నారు పసుపు బారుతోంది, ఇంకా ఏం వేయాలి?

కెనడాలోని బ్రాంప్టన్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడ సొంతూరు కోనసీమలో అంబాజీపేట దగ్గర. నాన్నగారు పోయిన ఏడాది కాలం చేశారు. అప్పట్నుంచి అమ్మగారు ఊళ్ళో ఒక్కరే ఉంటున్నారు. పెరట్లో పాదులు పెట్టడం కూడా మానేశారు. మే నెల మధ్యలో కూతురి దగ్గరికి వచ్చి ఆరు నెలలు ఉండబోతున్నారు. అమ్మ దిగేసరికి నాటడానికి మిర్చి, గుత్తి వంకాయ, టమాటా నారు సిద్ధంగా ఉండాలని ఈవిడ ఫిబ్రవరి మధ్యలో బేస్‌మెంట్‌లో ఎల్ఈడీ లైట్ల కింద గింజలు వేశారు. వచ్చాక చూసి ఆశ్చర్యపోవాలని అమ్మకి చెప్పలేదు.

ఆన్‌లైన్‌లో కొన్న కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకల్ని వేడినీళ్ళలో నానబెట్టి, విచ్చుకోగానే కప్పుల్లో నింపారు. మొలకలు బాగా వచ్చాయి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని పక్కింటి ఆంటీ చెప్తే వంటింటి ఆర్వో నీళ్ళకు మారారు. ఎరువు 20-20-20, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్నది. వేళ్ళు కుళ్ళిపోతాయన్న భయంతో నీళ్ళు చెంచాలతో పోస్తున్నారు. బేస్‌మెంట్ చీకటి కాబట్టి లైట్లు రాత్రీ పగలూ వేసే ఉంచుతున్నారు. నాలుగో జత ఆకులు వచ్చేసరికి కింది ఆకుల్లో ఈనెలకీ ఈనెలకీ మధ్య పసుపు మొదలైంది, తర్వాత తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. వంకాయ అన్నిటికంటే అధ్వానం, తర్వాత టమాటా. మిర్చి కాస్త నయం గానీ కొన్నిటి చిగుళ్ళు ముడుచుకుంటున్నాయి. ఎవరో చెప్తే లీటరుకు చెంచాడు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) పోశారు. ఇంకొకరు చెప్తే వర్మీకంపోస్ట్ నానబెట్టిన నీళ్ళు, తర్వాత పుల్లమజ్జిగ, ఆ తర్వాత ఐరన్ టానిక్. రెండు వారాల్లో ఇవన్నీ అయ్యాయి. వాళ్ళాయన విసుక్కుంటూనే నీళ్ళలో లవణాలు కొలిచే ఒక ఈసీ మీటరు, ఒక పీహెచ్ పెన్ను కొనిచ్చారు. పోసే నీళ్ళ ఈసీ 0.9 ఉంటే, ఒకసారి ఎక్కువ పోసినప్పుడు కప్పు అడుగునుంచి కారిన నీళ్ళు 3.2 చూపించాయి. పీహెచ్ ఒకరోజు 7.1, మరోరోజు 5. రాత్రి రెండింటికి లేచి టార్చి వేసి ఆకులు చూసుకుంటున్నానని, మేలో నర్సరీకి వెళ్తే ఒక్కో మొక్క మూడు డాలర్లకి దొరుకుతుంది కదా, ఎందుకీ టెన్షన్ అని భర్త అంటుంటే కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయని రాశారు. ఆవిడ ముఖ్యమైన ప్రశ్నలు రెండు. ఇంకా ఏం వేయాలి? ఈ నారు బతుకుతుందా, పారేయాలా?

అమ్మా, మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. పారేయకండి. మీరు పంపిన వివరాలను బట్టి చూస్తే మిర్చి దాదాపు అంతా, టమాటా చాలావరకు నిలబడతాయి. వంకాయ సంగతి పది రోజుల తర్వాత తేలుతుంది. మొదటి ప్రశ్నకి జవాబు మాత్రం మీరు ఎదురుచూస్తున్నది కాదు. ఇంక ఏమీ వేయవద్దు. మీ మొక్కలకి ఇప్పుడు కావలసింది కొత్త మందు కాదు, ఇప్పటిదాకా వేసినవి కొంత బయటికి పోవడం.

మీ ఉత్తరంలో నా కన్ను ఆగిన చోటు ఆ 3.2. ఆకుల ఫొటోలకంటే అదే ఎక్కువ చెప్పింది. నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు ఎంతో ఈసీ చెప్తుంది. లేత నారుకి 0.6 నుంచి 1 వరకు చాలు. మీరు పోసింది 0.9, సరిగ్గానే ఉంది. కానీ వేళ్ళ దగ్గర అది మూడింతలు దాటింది. విస్తరి నిండా వడ్డించి పక్కన మంచినీళ్ళు పెట్టకపోతే ముద్ద దిగనట్టే, అంత ఉప్పదనంలో వేరు నీళ్ళు లాక్కోలేదు. నీళ్ళతోపాటు పోషకమూ అందదు. ఆకు చూస్తే ఆకలి కనిపిస్తుంది, కప్పు చూస్తే నిండా తిండి ఉంటుంది. ఆకు ఒక్కటే చూసి మందు వేసేవాళ్ళందరూ పడే తికమక ఇదే. మీకు సలహా ఇచ్చినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకి మీ కప్పు అడుగు నీళ్ళ సంగతి తెలియదు, అంతే.

ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. కొంత మీరు వేసినదే. కొంత కొబ్బరి పొట్టుతోనే వచ్చింది. మీరు కొబ్బరి తోటల మధ్య పుట్టినవారు, మీకు నేను చెప్పాలా, కొబ్బరి చెట్టుకి పొటాష్ ఎంత ఇష్టమో! ఆ పొటాషియం, దాంతోపాటు సోడియం డొక్కలోనూ పొట్టులోనూ ఉండిపోతాయి. తీరప్రాంతాల్లో డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి పీచు తీసిన చోట్ల ఇంకా ఎక్కువ. నీళ్ళతో కడిగితే పైపై ఉప్పు పోతుంది గానీ పొట్టు తనలో పట్టి ఉంచుకున్నది పోదు. మీరు కాల్షియం, మెగ్నీషియం ఇచ్చినప్పుడు పొట్టు ముందు వాటిని తను తీసుకుని, బదులుగా పొటాషియాన్నీ సోడియాన్నీ నీళ్ళలోకి వదులుతుంది. అందుకే మంచి తయారీదారులు పొట్టుని కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్ళీ కడిగి అమ్ముతారు. బఫర్ చేసిన కోకో అని సంచీ మీద రాసి ఉండేది అదే. చవక ఇటుకల్లో చాలావాటికి ఆ పని జరగదు. మీ ఇటుకల మీద ఆ మాట లేదని మీరే రాశారు.

ఇప్పుడు ఆర్వో నీళ్ళ దగ్గరికి వద్దాం. అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. 20-20-20 డబ్బా వెనక లేబుల్ తీసి చదవండి, అక్కడ కూడా కాల్షియం కనపడదు. మెగ్నీషియం ఉంటే ఆవగింజంత. ఇక్కడ మన రైతులు వాడే 19-19-19 కూడా అంతే. మట్టిలో వేసినప్పుడు ఆ లోటు మట్టి తీరుస్తుంది. కోకోపీట్ మట్టి కాదు, తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, పైగా మీరిచ్చే కాల్షియంలో మొదటి వాటా తనే తీసుకుంటుంది. అంటే మీ మొక్కలకి గింజలో ఉన్న సరుకు అయిపోయాక కాల్షియం దాదాపు ఎక్కణ్ణుంచీ అందలేదు. ఆ డబ్బాలో నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని మొక్క వాడుకోవాలంటే సూక్ష్మజీవులు ముందు మార్చిపెట్టాలి. కొత్త కోకోపీట్‌లో అవి తక్కువ. ఇదీ ఒక కారణమే, కానీ దీని వాటా చిన్నది.

ఆకు చదవడం మీకు ముందు ముందు కూడా పనికొస్తుంది కాబట్టి కాస్త నింపాదిగా చెప్తాను. పసుపు ఎంత ఉందో కాదు, ఎక్కడ మొదలైందో చూడాలి. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. కొరత వస్తే మొక్క ముసలి ఆకుల్లోంచి తీసి చిగురుకి పంపుతుంది, అందుకే లోపం కింద కనిపిస్తుంది. కాల్షియం, బోరాన్, ఇనుము అలా కదలవు. ఒక ఆకులో చేరినది అక్కడే ఉండిపోతుంది, కొత్త ఆకుకి కొత్తగా రావలసిందే. కాబట్టి వాటి లోపం చిగుళ్ళలో కనిపిస్తుంది. కింది ఆకు మొత్తం ఒకేలా పాలిపోతే నత్రజని తక్కువని. కింది ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం. అదే గీతల పసుపు పైన చిగురాకుల్లో వస్తే ఇనుము. ముసలి ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగైతే పొటాష్ కొరత కావచ్చు, ఉప్పు ఎక్కువైనా అలాగే కాలుతుంది. ఆకు అడుగున ఊదారంగు తేలితే భాస్వరం అనుకుంటాం, కానీ చలికాలం బేస్‌మెంట్ నేల మీద పెట్టిన కప్పుల్లో వేళ్ళు చల్లబడితే భాస్వరం ఉండి కూడా అందదు. కప్పుల కింద ఒక చెక్క పలక పెట్టినా ఆ తేడా తగ్గుతుంది.

మీ మొక్కల్లో కింద మెగ్నీషియం లక్షణం ఉంది, పైన కొన్ని మిర్చి మొక్కల్లో కాల్షియం లక్షణం ఉంది. మీకు సలహా ఇచ్చినవాళ్ళలో ఎవరో మెగ్నీషియం అని పోల్చుకున్నారు, తప్పు కాదు. కానీ లీటరుకు చెంచాడు ఎప్సమ్ సాల్ట్ అంటే సుమారు 5 గ్రాములు. లేత నారు వేళ్ళకి అది చాలా ఎక్కువ. పైగా కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం మూడూ వేరు దగ్గర ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకటి అతిగా ఉంటే మిగతావి వెనకబడతాయి. పొట్టులోని పొటాషియం మెగ్నీషియాన్ని నొక్కింది, మీరు పోసిన మెగ్నీషియం అసలే లేని కాల్షియాన్ని ఇంకా నొక్కింది. చిగుళ్ళు ముడుచుకోవడం ఎప్సమ్ సాల్ట్ తర్వాతే మొదలైందని మీరు రాసిన తేదీలు చూస్తే తెలుస్తోంది.

ఇంతవరకు చెప్పినవన్నీ మూడు రకాల మొక్కలకీ సమానమే. మరి వంకాయ ఎందుకు అంతగా దెబ్బతింది? ఇక్కడ పోషకాలతో సంబంధం లేని సంగతి ఒకటుంది. మీ లైట్లు. టమాటా, వంకాయ ఇరవై నాలుగు గంటల వెలుతురు తట్టుకోలేవు. చీకటి లేకుండా ఉంచితే ఈనెలకీ ఈనెలకీ మధ్య పసుపు మచ్చలు వేస్తాయి, చూస్తే అచ్చం మెగ్నీషియం లోపంలా ఉంటుంది. ఏ మందు వేసినా తగ్గదు. మిర్చికి ఈ విషయంలో ఓర్పు ఎక్కువ. వంకాయ మొదట, టమాటా తర్వాత, మిర్చి చివర అన్న మీ వరస దీనికి సరిగ్గా సరిపోతోంది. కాబట్టి ఈ రోజే చేయవలసిన మొదటి పని ఒక ప్లగ్ టైమర్ కొనడం. పదహారు గంటలు వెలుతురు, ఎనిమిది గంటలు చీకటి. రాత్రి టార్చి వేసి చూడటం కూడా మానేయండి, మొక్కల కోసం కాదు, మీ నిద్ర కోసం.

మందుల జోలికి వెళ్ళేముందు ముడుచుకున్న మిర్చి చిగురు ఒకటి దగ్గరగా చూడండి. లైటు ఆపి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టండి. గుంటూరు, ఖమ్మం మిర్చి రైతులు పై ముడత, కింద ముడత అని రెండు చెప్తారు. అంచులు పైకి లేచి ఆకు దొన్నెలా అయితే తామర పురుగు, అంచులు కిందికి వంగి ఆకు తిరగేసిన పడవలా అయితే తెల్లనల్లి. తెల్ల కాగితం మీద చిగురుని రెండుసార్లు తట్టండి. పసుపుగా, సన్నగా, గీతంత పురుగు కదిలితే తామర. తెల్లనల్లి అలా కంటికి ఆనదు, భూతద్దం కావాలి. పురుగు ఉంటే ఆ మొక్కల్ని వేరే గదిలో పెట్టండి, వాటికి వైద్యం వేరు. ఏ పురుగూ లేకుండా చిగురాకు చివర మాడి, గరుకుగా, వంకరగా వస్తుంటే అది కాల్షియమే. ఎగురుతున్న చిన్న నల్ల ఈగల గురించి అడిగారు, వాటికి పసుపు జిగురు అట్టలు రెండు పెట్టండి చాలు. మజ్జిగ, వర్మీకంపోస్ట్ నీళ్ళు ఆపేస్తే సగం అవే పోతాయి.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. ఒక్కొక్కదానికి లాభం, నష్టం రెండూ ఉన్నాయి, మీ ఓపికని బట్టి ఎంచుకోండి.

ఒకటి, ఉన్న కప్పుల్లోనే సరిచేయడం. ఆర్వో వదిలేసి కుళాయి నీళ్ళకు రండి. బ్రాంప్టన్‌కి వచ్చేది ఒంటారియో సరస్సు నీరు, అందులో లీటరుకు సుమారు 35 మిల్లీగ్రాముల కాల్షియం, కొంచెం మెగ్నీషియం ఉంటాయి. ఆ నీళ్ళలో ఉండే క్లోరిన్ మీ నారుని ఏమీ చేయదు. హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా మొక్కలు పెంచే పద్ధతి) సామాన్లు అమ్మే దుకాణంలో కాల్షియం నైట్రేట్ తీసుకోండి. 10 లీటర్ల బకెట్‌కి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్, రెండున్నర గ్రాముల ఎప్సమ్ సాల్ట్. చెంచాలతో కొలవద్దు, వంటింటి చిన్న కాటా వాడండి. బకెట్ నీళ్ళలో ఒకటి పూర్తిగా కరిగాక రెండోది వేయండి. రెండూ కొద్ది నీళ్ళలో చిక్కగా కలిపితే తెల్లటి మడ్డి కట్టి అడుగున పడుతుంది, 20-20-20తో చిక్కగా కలిపినా అదే జరుగుతుంది. కప్పులో పట్టే నీళ్ళకి మూడు నాలుగింతలు, నెమ్మదిగా, రెండు మూడు విడతలుగా పోసి కిందికి పూర్తిగా కారనివ్వండి. ట్రేలోకి కారిన నీళ్ళని అందులోనే ఉంచకండి, కప్పు మళ్ళీ పీల్చుకుంటుంది. కారే నీళ్ళ ఈసీ 1.5 కిందికి వచ్చేదాకా చేయండి. వట్టి ఆర్వో నీళ్ళతో కడిగితే పైపై ఉప్పు పోతుంది గానీ పొట్టు పట్టుకున్న పొటాషియం కదలదు, అందుకే ఈ కాల్షియం నీళ్ళు. దీనివల్ల వేళ్ళకి దెబ్బ తగలదు, ఖర్చు తక్కువ. నష్టం ఏమిటంటే ఫలితం నిదానం, పది రోజులు చేతులు కట్టుకుని కూర్చోవాలి. మీకు అదే కష్టమని ఉత్తరం చదివితే అర్థమైంది.

రెండు, బఫర్ చేసిన కోకోలోకో, మామూలు నారు మట్టిలోకో మార్చేయడం. పొట్టుతో వచ్చిన గొడవ ఒక్కపూటలో వదులుతుంది. కానీ ఇప్పటికే నీరసించిన మొక్క వేళ్ళు కదిపితే వారం పది రోజులు ముడుచుకుపోతుంది, వంకాయల్లో కొన్ని తట్టుకోలేవు. మార్చాలనుకుంటే ముందు కడిగి, నాలుగైదు రోజులు ఆగి, చిగురు కదిలిన మొక్కల్ని మాత్రమే మార్చండి. టమాటాని మార్చేటప్పుడు కాండం కాస్త లోతుగా పాతినా వేళ్ళు వేస్తుంది, మిగతా రెండింటినీ పాత లోతులోనే పెట్టండి.

మూడు, మళ్ళీ గింజలు వేయడం. దీన్ని ఓటమి అనుకోకండి. ఇది ఏప్రిల్ మొదటివారం. టమాటా నారుకి ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు, మీ ప్రాంతంలో మే నెల రెండో సగంలో వచ్చే విక్టోరియా డే సెలవు వారాంతం తర్వాత కదా అందరూ నాటేది, సరిగ్గా సరిపోతుంది. నిజానికి ఫిబ్రవరిలో వేసిన టమాటా మే నాటికి కప్పుల్లో ఇమడనంతగా సాగిపోతుంది, ఏప్రిల్ నారే పొట్టిగా గట్టిగా ఉంటుంది. మిర్చికి, వంకాయకి మాత్రం ఇప్పుడు వేస్తే కాపు ఆలస్యం. ఆ రెండింటికీ ఉన్నవాటినే కాపాడుకోవడం మేలు. నా మాట అడిగితే, మొదటి దారి పట్టి, తోడుగా టమాటా గింజలు ఓ నాలుగు కొత్తగా వేసి ఉంచండి. ఆ ధైర్యం ఉంటే పాత మొక్కల్ని గంటకోసారి చూడాలనిపించదు.

ఏ దారి పట్టినా ఎరువు మార్చాలి. లేబుల్ మీద కాల్షియం, మెగ్నీషియం, సూక్ష్మపోషకాలు ఉన్నది, నత్రజని ఎక్కువగా నైట్రేట్ రూపంలో ఉన్నది, కోకో కోసం తయారైనది తీసుకోండి. కుళాయి నీళ్ళతో కలిపాక మొత్తం ఈసీ 1 దగ్గర ఉండేలా మొదలుపెట్టి, ఆరేడు జతల ఆకులయ్యాక 1.4 దాకా వెళ్ళండి. పీహెచ్ 5.8 నుంచి 6.3 మధ్య ఉంటే చాలు, దశాంశాల కోసం ప్రాణం తీసుకోవద్దు. ఆర్వో నీళ్ళలో లవణాలు లేవు కాబట్టి పెన్ను అంకె నిలకడగా ఉండదు, మీకు 7.1, 5 రావడానికి సగం కారణం అదే కావచ్చు. పెన్నుతో ఇచ్చిన 4, 7 ద్రావణాల్లో ముంచి ఒకసారి సరిచేసుకోండి. నీళ్ళు పోసిన ప్రతిసారీ పోసినదాంట్లో ఐదో వంతు అడుగునుంచి కారాలి. కోకోపీట్‌ని మట్టిలా ఎండబెట్టి పోయకండి. ఎండేకొద్దీ అందులో ఉప్పు చిక్కబడుతుంది. కప్పు చేత్తో ఎత్తితే తేలిగ్గా అనిపించినప్పుడు నిండుగా పోయండి.

పాత ఆకులు మళ్ళీ పచ్చబడవు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది మందు మీద మందు వేసి నారు చంపుకుంటారో చెప్పలేను. మచ్చపడిన ఆకు మచ్చతోనే ఉంటుంది, దాన్ని చూసి మొక్క బాగుపడిందో లేదో తెలియదు. కప్పు కడిగిన రోజు ప్రతి మొక్కకీ అప్పటికి అన్నిటికంటే చిన్న ఆకు కాడకి ఒక దారం వదులుగా కట్టండి. ఆ దారం పైన వచ్చే ఆకులే మీకు సాక్ష్యం. అవి చదునుగా, పచ్చగా వస్తున్నాయంటే పని జరుగుతోంది. ఫొటో తీసేటప్పుడు ఎల్ఈడీ ఆపి, పగటి వెలుతురులో తీయండి. మీరు పంపిన ఫొటోల్లో గులాబీరంగు వెలుతురు పడి పచ్చ ఏదో పసుపు ఏదో నాకే తెలియలేదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మేడ మీద కోకోపీట్‌లో పెంచేవాళ్ళు ఇది చదువుతూ ఇదే మందు వేసేస్తారేమో, ఒక మాట. బోరు నీళ్ళు వాడేవాళ్ళ బాధ చాలాసార్లు దీనికి తలకిందులు. ఆ నీళ్ళలో కాల్షియం బోలెడు ఉంటుంది, బైకార్బనేట్లూ ఉంటాయి. పీహెచ్ రోజురోజుకీ పెరిగి ఇనుము అందక చిగురాకులు పాలిపోతాయి. వాళ్ళకి ఇంకా కాల్షియం పోయడం తప్పు. పసుపు పైన మొదలైందా, కింద మొదలైందా అన్నదే వాళ్ళూ ముందు చూసుకోవాలి.

ఇక మొక్కలు కాని సంగతి. మీవారు విసుక్కుంటూ కొనిచ్చిన మీటరు వల్లే మనకి అసలు విషయం తెలిసింది. ఆ మాట ఆయనకి చెప్పండి. మూడు డాలర్ల మొక్క గురించి ఆయన అన్నది మిమ్మల్ని తక్కువ చేయడానికి అని నాకు అనిపించలేదు, రాత్రి రెండింటికి మీరు పక్కన లేకపోవడం చూసి అన్నట్టుంది. నారు పోతే అమ్మకి ఇక్కడ ఏమీ ఉండదన్న భయం ఎంత పెద్దదో ఆయనకి తెలియకపోవచ్చు. ఉత్తరంలో నాకు రాసినంత వివరంగా ఆయనకి చెప్పారా?

అమ్మగారికి ముందే చెప్పాలా, వద్దా? చెప్పకపోతే మీరు కోరుకున్న ఆశ్చర్యం దక్కుతుంది, కానీ మే దాకా ఈ బరువంతా మీ ఒక్కరిదే. పైగా ఆవిడ వచ్చేసరికి పని అంతా అయిపోయిన తోట కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి పెరడు పెంచిన మనిషికి తయారైన తోట చూడటం కంటే తన చేత్తో గింజ వేయడం నచ్చుతుందేమో ఆలోచించండి. చెప్తే, వీడియో కాల్‌లో ఆకు చూపించండి. ఏ ఆకు ముందు పాడైందో మీకంటే త్వరగా పట్టేస్తారు. మీరు సాయం అడిగారన్నది కూడా ఆవిడకి ఇప్పుడు చిన్న విషయం కాదు. ఒక్క జాగ్రత్త. బూడిద చల్లమనో, పేడనీళ్ళు పోయమనో అంటే అవి మట్టికి మంచివి, కోకోపీట్‌కి కావని మెల్లగా చెప్పండి. బూడిదలో మళ్ళీ పొటాషే, పీహెచ్ కూడా పెంచుతుంది. ఆవిడ చూపు తీసుకోండి, మోతాదు మాత్రం మీటరు చెప్పినట్టు వేయండి. ఒకవేళ నాన్నగారి ప్రస్తావన వచ్చి ఆవిడ మాట మార్చేస్తే బలవంతపెట్టకండి, మొక్కల దగ్గరే ఆపేయండి.

ఆవిడ చేతికి పని మిగలాలంటే నారు అక్కర్లేని విత్తనాలు కొన్ని పక్కన పెట్టండి. తోటకూర, గోంగూర, బెండ జూన్‌లో నేల వెచ్చబడ్డాక నేరుగా చల్లుకోవచ్చు. బీర, ఆనప మే మొదట్లో కప్పుల్లో వేస్తే మూడు నాలుగు వారాల్లో నాటడానికి వస్తాయి, వాటికి పందిరి వేయడం మీ అమ్మగారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మచ్చలున్న మొక్కల్ని బయట నాటవచ్చా అని చివర్లో అడిగారు. దారం పైన మూడు నాలుగు మంచి ఆకులు వచ్చిన ప్రతి మొక్కనీ నాటవచ్చు, కింది ఆకులు ఎలా ఉన్నా సరే. నాటే ముందు ఓ వారం పది రోజులు పగలు నీడలో బయటపెట్టి, ఎండ కొద్దికొద్దిగా పెంచుతూ రాత్రికి లోపలికి తెచ్చుకోండి. రాత్రి చలి 10 డిగ్రీల కిందికి పోతున్నంతకాలం వంకాయని, మిర్చిని నేలలో పెట్టకండి, పక్కవాళ్ళు నాటేసినా సరే. మే మూడోవారం దాకా కూడా దారం పైన ఒక్క మంచి ఆకూ వేయని వంకాయలు ఉంటే వాటిని వదిలేసి, మీవారు చెప్పిన ఆ మూడు డాలర్ల మొక్కలు తెచ్చుకోండి.